పసుపు నీళ్లలో నానిన చాకు

మా ఆయన చాకును పాడు చేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

మడిచి జేబులో వేసుకునే రకం చాకు అది. పిడి చెక్కది. ఏం చెక్క అని అడిగితే రోజుకో చెట్టు పేరు చెప్పేవారు. పిడికి నిలువునా సన్నటి గాడి ఉంటుంది, మడిస్తే కత్తి ఆ గాడిలోకి వెళ్లి పడుకుంటుంది. కత్తి వెన్నున గోరు పట్టేంత నొక్కు ఉంటుంది. బొటనవేలి గోరు అందులో పెట్టి లాగితే టక్కున తెరుచుకునేది. ఎన్నో ఏళ్లు ఆయన చేతిలో నలిగి పిడి నున్నగా, నల్లగా అయింది.

నాకంటే ముందు నుంచీ ఆయన దగ్గరున్నది ఆ చాకే. పెళ్లిచూపుల్లో మా అమ్మ కోసి పెట్టిన యాపిల్ ముక్కలు పెద్దవిగా ఉన్నాయని, అందరి ముందూ జేబులోంచి చాకు తీసి చిన్నవి చేసుకున్న మనిషి ఆయన. పెళ్లికొడుకు కత్తితో వచ్చాడని మా పిన్ని వారం రోజులు నవ్వింది. పెళ్లయ్యాక నేను దాన్ని ఆయన పెద్ద పెళ్ళాం అనేదాన్ని. “పెద్దావిడ ఎక్కడ? జేబులోనే ఉందా, ఇంకెక్కడైనా పారేసుకొచ్చారా?” అని ఆఫీసు నుంచి రాగానే అడిగేదాన్ని. ఖైరతాబాద్‌లో ఆయన ఆఫీసు. అక్కడ ఆ చాకుతో పెన్సిళ్లు చెక్కడం, కవర్లు చించడం, అవసరమైతే స్విచ్‌బోర్డు మరలు తిప్పడం అన్నీ చేసి, ఇంటికొచ్చి దాన్నే తువ్వాలుకు ఒక్కసారి తుడిచి జామకాయ కోసేవారు. దాని మీద మాకు మొదటి గొడవ.

అమీర్‌పేటలో మా ఫ్లాటు మూడో అంతస్తు. సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలే వేళకు మా సందులో మనిషి నిలబడే చోటుండదు. ఆ జనం మధ్యే ఒక జామకాయల బండి వస్తుంది. రిటైరయ్యాక రోజూ ఆయన కిందికి దిగి రెండు కాయలు తెచ్చేవారు. బాల్కనీలో రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద పళ్లెం, ఉప్పూ కారం గిన్నె. ఆయనకు కాయ దోరగా ఉండాలి, పంటి కింద కరకరలాడాలి. నాకు పండాలి. ముప్పై నాలుగేళ్లలో ఆ విషయం మాకు తేలలేదు. ఒకసారి మా అరుపులు విని కింది ఫ్లాటావిడ పైకొచ్చి, “అంతా బానే ఉంది కదండీ?” అని అడిగింది. ఆమెకూ రెండు ముక్కలు పెట్టి పంపించాం. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, కాబట్టి గొడవైనా కబురైనా మాలో మాకే.

మా అత్తగారి పట్టింపు ఒకటుండేది. కత్తి, కత్తెర, సూది, ఉప్పు, ఇవి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఇద్దరికీ గొడవ వస్తుంది. ఇచ్చేవాళ్లు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్లు అక్కణ్నుంచి తీసుకోవాలి. మా ఆయన రాహుకాలానికి నవ్వే మనిషి, దేవుడికి దండం పెట్టడానిక్కూడా బద్ధకించే మనిషి. కానీ ఈ ఒక్కటి ఏనాడూ తప్పలేదు. కాయ కోయడం అయ్యాక చాకును స్టూలు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. అప్పుడు నేను తీసుకునేదాన్ని. నేను మరిచిపోయి చేతికివ్వబోతే, “కింద పెట్టవే బాబూ, ఉన్న గొడవలు చాలవా మనకి, ఇంకా కొత్తవెందుకు?” అనేవారు.

పోయిన వర్షాకాలంలో ఒకనాడు పొద్దున్నే ఆయన పళ్లు తోముకుంటూ బ్రష్ జారవిడిచారు. వంగి తీసుకోబోయి తనూ పడ్డారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కొంత వచ్చింది, పట్టుకుంటే బాత్రూం దాకా నడుస్తారు. మాటల్లో ‘ఊఁ’ ఒకటి, ‘వద్దు’ ఒకటి వచ్చాయి. చెయ్యి మాత్రం రాలేదు.

ఇంటికి తెచ్చిన రోజు నేను చేసిన పని చెప్పాలి. ఆసుపత్రి నుంచి వస్తే అక్కడికి వెళ్లిన ప్రతి వస్తువూ నీళ్లు తాకందే ఇంట్లోకి రాకూడదు. ఇదీ అత్తగారిదే. ఆవిడ పోయి పదేళ్లయింది. అయినా ఆ రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే చేశాను. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, పెద్ద బకెట్లో వేణ్నీళ్లు పోసి పసుపు కలిపి, చొక్కాలు, దుప్పట్లు, తువ్వాళ్లు, పళ్లు తీసుకెళ్లిన గుడ్డసంచీ, అన్నీ అందులో కుక్కాను. సంచీ అడుగున, ఆ పళ్లు కోయడానికి తీసుకెళ్లిన చాకు ఉంది. నేను చూసుకోలేదు. చూసుంటే తీసేదాన్నని చెప్పలేను. ఇనుమూ చెక్కా కూడా ఆసుపత్రికి వెళ్లొచ్చినవే కదా, అది కూడా నానాల్సిందే అనుకునేదాన్నేమో. ఏదైతేనేం, మర్నాడు మధ్యాహ్నం దాకా అది ఆ నీళ్లలోనే ఉంది. బట్టలు పిండుతుంటే చేతికి తగిలింది. తుడిచి, ఆయన దిండు పక్కన పెట్టాను. మంచి పనే చేశాననుకున్నాను.

చేతికి కసరత్తు చేయించడానికి బోరబండ నుంచి ఒక ఫిజియో వచ్చేవాడు. నలభై దాటినవాడు. వానలో తడుస్తూ స్కూటర్ మీద వచ్చి, రెయిన్‌కోటు గుమ్మం బయట తగిలించి, చేతులు వెచ్చబడేదాకా రుద్దుకుని గానీ ఆయన్ని ముట్టుకునేవాడు కాదు. ఆ ఒక్క పనికే నాకు అతనంటే గౌరవం. మొదటి వారమంతా మెత్తటి బంతి పిసికించాడు. ఆయన పిసికినట్టు చేసి పక్కన పడేసేవారు.

“బంతితోని గాదమ్మా,” అన్నాడు నాతో. “చేతికి ఎరుకున్న పని ఇయ్యాలె. సార్ రోజు చేసే పని ఏమన్న ఉంటే చెప్పుండ్రి. మొదటి నెలలే ముఖ్యం. ఇప్పుడు మనసు పెట్టకపోతే చెయ్యి మర్సిపోతది.”

నేను ఎగిరి గంతేసినంత పని చేసి దిండు పక్కనుంచి చాకు తీసి మంచం మీద పెట్టాను. ఫిజియో దాన్ని ఆయన అరచేతిలో ఇమిడించి, బొటనవేలిని ఆ నొక్కు మీద తనే ఆనించాడు. “జర గుంజుండ్రి సార్. ఫికర్ లేదు, మెల్లగ.” ఆయన లాగారు. ఆ వేలిలో అప్పుడు కొంచెం పట్టుండేది, ఈ సంగతి నేను ఒట్టేసి చెప్పగలను, నుదుటి మీద నరం ఉబ్బింది, గోరు తెల్లబడింది. కత్తి కదల్లేదు. మళ్లీ లాగారు. ఫిజియో, “చాలు సార్, రేపు చూద్దాం,” అంటున్నా ఇంకోసారి లాగారు. తర్వాత చాకును వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ సాయంత్రం చాకు తుడిచి పెడదామని తీసి, ఊరికే తెరవబోయాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. పళ్లతో కూడా ప్రయత్నించాను. చెక్క నీళ్లు తాగి ఉబ్బి, గాడి రెండు వైపులా కత్తిని కరిచి పట్టుకుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, పసుపు మరక తప్ప. తప్పు చాకుది, చాకుని అలా చేసిన నాది. ఆయన మాత్రం తన చెయ్యి పోయిందనుకుని గోడ చూస్తున్నారు.

వెంటనే వెళ్లి చెప్పాను. “ఏమండీ, ఇది నీళ్లలో నానిందండీ. నేనే నానబెట్టాను. మీ చెయ్యి బానే ఉంది. ఇదిగో చూడండి, నాకే రావట్లేదు,” అని ఆయన కళ్ల ముందు లాగి చూపించాను. ఆయన నా ముఖంలోకి చూశారు, చిన్నగా నవ్వారు, “ఊఁ” అన్నారు. నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం కూడా నేనే. పెళ్లైన కొత్తలో ఆవకాయ జాడీ మూత నాకు రావట్లేదని అబద్ధమాడి ఆయనతో తీయించేదాన్ని. మగవాడు, తన అవసరం ఉందనుకుంటే సంతోషిస్తాడని మా అమ్మ చెప్పిన చిట్కా. తర్వాత అది అలవాటైపోయింది. ముప్పై నాలుగేళ్లుగా సీసా మూత, కిటికీ గొళ్లెం, సూట్‌కేసు తాళం, ఏదీ నాకు రాలేదు. నాటకమని ఆయనకు ఎప్పుడో తెలుసు. ఇదీ ఆ నాటకమే అనుకున్నారు. నాన్నా పులీ కథ నాకే జరిగింది.

మర్నాటి నుంచి ఆయన ఫిజియోకి చెయ్యివ్వడం మానేశారు. అతను వచ్చేవాడు, ఆయన చేతిని పట్టుకుని తనే వంచి తనే చాచి వెళ్లేవాడు. బంతి పెట్టినా, గ్లాసు పెట్టినా, దువ్వెన పెట్టినా ఒకటే మాట, “వద్దు.” నాకు ఒకటే దారి కనిపించింది. ఆ చాకును మళ్లీ ముందులా చేసి ఆయన చేతిలో పెట్టాలి. ఒక్కసారి అది టక్కుమంటే చాలు, చెయ్యి చావలేదని ఆయనకు తెలుస్తుంది.

మొదట బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. నాలుగు రోజుల తర్వాత చాకుకు బియ్యం వాసన వచ్చింది గానీ కత్తి రాలేదు. కొబ్బరినూనె పోశాను. చెక్క ఆ నూనెనీ తాగేసి ఇంకొంచెం బలిసింది. చివరికి పంజాగుట్టలో ఫుట్‌పాత్ మీద తాళంచెవులు చేసే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లాను. గొడుగు కింద తాళాల గుత్తులు, ఆకురాళ్లు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. అలవాటు కొద్దీ చాకును ఆ ముసలాయన ముందున్న గుడ్డ మీద పెట్టాను.

“మా అమ్మీ సుత గిట్లనే కింద వెట్టేది,” అని నవ్వి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, గాడిలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. “నీళ్లల్ల నానవెట్టిండ్రా అమ్మా దీన్ని?”

“ఆసుపత్రి నుంచి వచ్చాక పసుపు నీళ్లలో వేశాను.”

“మస్తు మంచి చాకమ్మా. చెక్క ఉబ్బింది, గంతే. నువ్వు జబర్దస్తీ చేస్తే పిడి పగులుతది.” సన్నటి రేకు ముక్క గాడిలోకి దూర్చి, ప్రాణమున్నదాన్ని పట్టుకున్నట్టు మెల్లగా జరుపుతూ చాలాసేపు కూర్చున్నాడు. పైన మెట్రో రైళ్లు మూడు నాలుగు వెళ్లిపోయాయి. చివరికి కత్తి కీచుమంటూ బయటికొచ్చింది. “ఇప్పుడు మూయొద్దు. తెరిచే ఉంచి నీడల ఆరవెట్టు. ఎండల పెట్టినవంటే చెక్క చీలుతది. ఆరినంక గరుకు కాగితంతోని గాడి లోపట రుద్దు, రోజు కొంచెం. తొందరపడకు.”

“ఎన్నాళ్లు పడుతుంది భాయ్?”

“వానకాలం గదమ్మా. చెక్కకు తొందర ఉండదు. మనకే.”

నాకు మాత్రం తొందరే. కానీ ఆ ముసలాయన చెప్పినట్టే చేశాను. హాల్లో టీవీ కింద సెట్‌టాప్ బాక్సు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, దాని మీద చాకును తెరిచి పెట్టాను. హాల్లోనే ఆయన మంచం. టీవీ చూస్తే చాకు కనిపిస్తుంది. అందుకని ఆయన టీవీ చూడటం కూడా మానేశారు. నేను అప్పుడైనా దాన్ని వేరేచోట పెట్టొచ్చు. పెట్టలేదు. నాలో ఒక మొండితనం ఉంది, అది ఆయనకు బాగా తెలుసు.

పది రోజులకు పిడి తేలికైంది. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, ఇంట్లో స్టీలు స్కేళ్లకు లోటు లేదు. ఒక సన్నటి స్కేలుకు గరుకు కాగితం చుట్టి గాడి లోపల రుద్దడం మొదలుపెట్టాను. పొద్దున కాసేపు, మధ్యాహ్నం ఆయన పడుకున్నాక కాసేపు. పేపరు మీద పసుపురంగు పొట్టు రాలేది. మూసి చూడటం, బిగుసుకుంటే మళ్లీ తెరిచి రుద్దడం. ఒకసారి చూపుడువేలు తెగింది. కత్తి మొదట్లో, అది మేకు మీద తిరిగేచోట, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. గాడి గోడలకు కొవ్వొత్తి అరగదీశాను. నా చేతులు అంత ఓపిగ్గా ఏ పనీ చేసి ఎరగవు. ఈ ఓపికలో సగం కాపురంలో చూపించి ఉంటే అత్తగారు నన్ను కూతురనేవారు.

ఈలోగా ఫిజియో గుమ్మంలో రెయిన్‌కోటు తొడుక్కుంటూ, ఆయనకు వినపడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. “చెయ్యి బిగుసుకుంటున్నదమ్మా. వేళ్లు లోపటికి ముడుచుకుంటున్నయ్. సార్ తన దిక్కు నుంచి ఏం చేస్తలేడు.” నేను తల ఊపేదాన్ని. ఇంకో వారం ఆగు నాయనా, చాకు అయిపోవచ్చింది, అని మనసులో అనుకునేదాన్ని. అతను చెబుతున్నది నా చెవికెక్కలేదు. చేతిని వదిలేసి చాకును పట్టుకు కూర్చున్నానని అప్పుడు నాకు తోచలేదు. చాకూ చెయ్యీ రెండూ ఒకలాగే బిగుసుకున్నాయని తర్వాత ఎవరో చుట్టాలు ఫోన్లో అన్నారు, వాళ్లకి అది అందమైన మాటగా తోచింది కాబోలు. నాకు ఒళ్లు మండింది. చాకుకు నూనె వేస్తే వదులైంది.

అవును, వదులైంది. ఒక మధ్యాహ్నం గోరు ఆనించగానే టక్కుమంది. మూసి, మళ్లీ తెరిచాను. టక్. ముందుకంటే బాగా తెరుచుకుంటోంది. నిజం చెప్పాలంటే కొంచెం ఎక్కువే అరగదీశాను. నేను ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని, కిందికి దిగి బండి దగ్గర దోర జామకాయ ఏరాను. బండివాడు ఆశ్చర్యపోయాడు. “గిన్ని దినాలు పండినవే అడుగుతుంటిరి గదమ్మా?” అన్నాడు. ఇవాళ పెద్దావిడ వచ్చింది బాబూ, అందామనుకుని ఊరుకున్నాను.

పళ్లెం, కాయ, ఉప్పూ కారం గిన్నె తెచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. చాకును దుప్పటి మీద, ఆయన కుడిచేతి దగ్గర పెట్టాను. “ఇప్పుడు తియ్యండి. బాగైంది.”

ఆయన చాలాసేపు చాకునే చూశారు. తర్వాత ఆ చెయ్యి కదిలింది. అన్ని వారాల్లో ఆయనంతట ఆయన కదిలించడం అదే మొదలు. భుజం నుంచి ఈడ్చుకుంటూ వచ్చి చాకు మీద వాలింది. కానీ వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. దుప్పటిని గీరాయి. చాకు పక్కకు జరిగింది. మళ్లీ వాలింది, మళ్లీ జరిగింది. కింద పెట్టిన దాన్ని ఎత్తుకోవడం ఆ చేతివల్ల కాదని నాకు అప్పుడు అర్థమైంది.

నేను చాకు తీశాను. ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పి, చాకును నా చేత్తో ఆయన చేతిలో పెట్టాను. చేతి నుంచి చేతికి. మరిచిపోయి కాదు, తెలిసే ఇచ్చాను. గొడవ వస్తుందంటారు కదా, రానీ అనుకున్నాను. నాకు కావలసింది అదే. అరవనివ్వండి, తిట్టనివ్వండి, కింద పెట్టవే అని కసరనివ్వండి. ఆయన తలెత్తి నా వైపు చూశారు. నేను ఏం చేశానో ఆయనకూ తెలిసింది.

బొటనవేలు వణికింది. నొక్కుకు ఇంకా గోరంత దూరం ఉందనగా ఆగిపోయింది. నేను కత్తిని సగం దాకా తెరిచి పెట్టాను, ఆ మిగతా సగమైనా లాగుతారని. గాలి తగిలినా తెరుచుకునేంత వదులుగా ఉంది. వేలు దాన్ని తాకింది కూడా. తాకి, అక్కడే ఉండిపోయింది. నెల కిందట గోరు తెల్లబడేదాకా లాగిన వేలు అది. ఆ రోజు చాకుదే తప్పని నేను చెప్పిన మాట ఆయన ఈ క్షణంలో నమ్మారనుకుంటాను. చాకు బాగుంది. ఇక తప్పు తోయడానికి ఏమీ మిగల్లేదు.

“నావల్లే,” అన్నాను. “పసుపు నీళ్లలో వేసింది నేనే. నెల్లాళ్లు దీన్ని రుద్దుకుంటూ కూర్చున్నదీ నేనే. తిట్టండి. ఏదో ఒకటి అనండి.”

ఆయన ఎడమచేత్తో కుడి వేళ్ల మధ్య నుంచి చాకును తీశారు. గుండెకు ఆనించి కత్తిని మడిచారు. దుప్పటి మీద, ఇద్దరికీ మధ్య పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇన్నేళ్లూ స్టూలు మీద ఎలా పెట్టేవారో అలాగే. “వద్దు,” అన్నారు.

నేను చాకు తీసుకున్నాను. వేలు ఆనీ ఆనకముందే తెరుచుకుంది. జామకాయను ఆయనకు ఇష్టమైనట్టు సన్నగా కోశాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఛీ, ఏం కాయండీ ఇది, రాయిలా ఉంది. దీన్ని ఎలా తింటారో మీరు,” అన్నాను. రోజూ అనే మాటే. రోజూ దీనికి ఆయన దగ్గర సమాధానం ఉండేది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆయన నోరు తెరిచారు, ముక్క పెట్టమని.